ఆరని ఏబీఎస్ లైటు

మా ఆవిడ దేవుణ్ణి ఎంతవరకు నమ్ముతుందో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే నీకెందుకంటుంది. మా బండి మీటరులో ఎడమ పక్కన వెలిగే చిన్న పసుపు లైటును మాత్రం ఆవిడ నమ్మినట్టు ఇంకెవరూ నమ్మి ఉండరు. తాళం తిప్పగానే అది వెలగాలి. బండి నాలుగు బారలు కదిలాక ఆరిపోవాలి. వెనక కూర్చుని, నా భుజం మీదుగా మెడ సాచి, అది ఆరేదాకా చూసేది. "ఆరింది" అనేది. అప్పుడుగానీ కొంగు నడుముకు దోపుకుని కుదురుగా కూర్చునేది కాదు.

మాది చేపల వ్యాపారం. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున మా ఊరు. పొద్దున్నే పడవలు ఒడ్డెక్కగానే వేలం పాటలో చేప కొని, ఐసు పెట్టెల్లో సర్ది, బండికి కట్టుకుని చీపురుపల్లి తీసుకుపోయి అమ్ముతాం. కొనేది నేను, అమ్మేది ఆవిడ. ఎవరైనా బేరం ఆడితే నాకు కోపం వస్తుంది. ఆడకపోతే ఆవిడకు కోపం వస్తుంది. అలాంటిది ఆవిడ పక్కన లేకుండా నేను తట్ట ముందు కూర్చుంటే వ్యాపారం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

అలా కూర్చోవలసిన రోజులు వచ్చాయి. రెండేళ్ళ కిందట, మా పాత బండి మీద వెళ్తుండగా, వానాకాలంలో రైసుమిల్లు దగ్గర పడిపోయాం. అక్కడ రోడ్డు మీద ఎప్పుడూ ఊక రాలి ఉంటుంది, తడిస్తే అడుగు నిలవదు. గేదె అడ్డం వచ్చింది, నేను చేతి బ్రేకు బిగించాను, ముందు చక్రం బిగుసుకుపోయి బండి పక్కకు పడుకుంది. కవళ్ళూ కానాగంతలూ, పెట్టెల్లోని చేపలన్నీ రోడ్డంతా పరుచుకున్నాయి. ఆవిడ కుడి మణికట్టు విరిగింది. నేను లేచి ముందు చేపల్ని చూశానని ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. నేను ముందు ఆవిణ్ణే చూశాను. కాకపోతే చూసిన దారిలో చేపలు ఉన్నాయి.

కట్టు విప్పాక ఆవిడ తేల్చి చెప్పేసింది.

"నాను ఇంక బండెక్కను బావా. నీ మీద కోపం కాదు. ఎక్కితే నా కాళ్ళు నా మాట ఇనవు."

ఆరోజు నుంచి ఆటోలో వచ్చేది. ఆటో నిండితేగానీ కదలదు. అది చీపురుపల్లి చేరేసరికి ఎండెక్కిపోయేది, ఈలోగా నేను మంచి మంచి గిరాకీలతో తగవు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. అది ఒక బాధ. అసలు బాధ వేరే. ఇంట్లో పిల్లలు, మావ, వలలు, వచ్చేపోయే జనం. మా ఇద్దరికీ మాట్లాడుకునే వేళంటూ ఉన్నది ఆ బండి మీదే. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ నా చెవి వెనక ఆవిడ గొంతు ఆగకుండా నడుస్తూనే ఉండేది. ఒంటరిగా నడుపుతుంటే చెవి వెనక ఉత్త గాలి. పెళ్ళయిన ఇన్నేళ్ళకు పెళ్ళాం మీద బెంగ పెట్టుకున్నానంటే ఊళ్ళో నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

అందుకని పాత బండి అమ్మేసి, విజయనగరంలో ఒకాయన దగ్గర ఏబీఎస్ ఉన్న బండి కొన్నాను. అదీ కొత్తది కాదు, ఏడెనిమిదేళ్ళు నలిగినదే. ఇంటికి తెచ్చి ఆవిడకు వివరించాను. మామూలు బండికి గట్టిగా బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోయి జారుతుంది. దీనికి అలా బిగుసుకోబోతుండగానే బ్రేకు తనంతట తానే కాస్త వదిలి మళ్ళీ పట్టుకుంటుంది, కన్ను మూసి తెరిచేలోగా ఎన్నోసార్లు. ఆ పసుపు లైటు వెలిగి ఆరిందంటే బ్రేకుకు కాపలా ఉన్నట్టు. ఆరకపోతే లేనట్టు. ఆవిడ ఆ చివరి రెండు మాటలే మనసులో పెట్టుకుంది. కొన్నాళ్ళు బండి చుట్టూ తిరిగి తిరిగి, ఒకరోజు చెప్పకుండా వచ్చి వెనక ఎక్కింది. నేను ఏమన్నా అంటే దిగిపోతుందేమోనని నోరు మెదపకుండా నడిపాను.

ఆ సుఖం ఒక్క పంటకాలం కూడా నిలవలేదు. ఒక పొద్దున బండి ఊరు దాటినా లైటు ఆరలేదు.

"ఆపు," అంది.

"కాసేపట్లో ఆరిపోతాదిలే."

"ఆరాక ఎక్కుతాను. ఆపు."

దిగి, తట్ట నెత్తిన పెట్టుకుని ఆటో కోసం నిలబడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద కాదు, ఆవగింజంత లైటు మీద.

ముందు ఆమదాలవలసలో మాకు తెలిసిన మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాను. అతను బ్యాటరీ చూశాడు. వైర్లు బిగించే చోట ఉప్పుగాలికి పచ్చగా పూత పట్టింది, గీకి శుభ్రం చేశాడు. ఫ్యూజు చూశాడు, బాగుంది. బ్రేకు ఆయిలు చూశాడు, సరిపడా ఉంది. లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. అప్పుడతను నా పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు.

"బావూ, అసలు సంగతేటి? ఇంట్లో లైటు సూసి బయపడతన్నారు, అంతే కదా. నాకొగ్గేయ్. ఆ లైటు వైరు తెచ్చి ఇంజనాయిలు లైటుకి కలిపేత్తాను. తాళం తిప్పితే వెలుగుతాది, స్టార్టు సేత్తే ఆరిపోతాది. ఎవులికీ తెలీదు."

నేను చెయ్యమన్నాను. నిజమే చెబుతున్నాను, అన్నాను. అతను మీటరు విప్పడానికి స్క్రూడ్రైవరు తీశాడు కూడా. రేపు ఆవిడ నా భుజం మీదుగా మెడ సాచి "ఆరింది" అని కొంగు దోపుకుని కూర్చోవడం కళ్ళకు కట్టింది. నా వెనక అంత నిమ్మళంగా కూర్చున్న మనిషిని అబద్ధం మీద కూర్చోబెట్టి ఎలా నడపను? వద్దని లేచిపోయాను. అతను నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. పోనీలే, నన్ను అలా చూడటం అందరికీ అలవాటే.

తరవాత శ్రీకాకుళంలో సర్వీసు సెంటరుకు వెళ్ళాను. అక్కడ బండికి కంప్యూటరు తగిలించి, ముందు చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో చూసే సెన్సర్ సరిగ్గా లెక్క చెప్పడం లేదన్నారు. పాత తప్పుల జాబితా చెరిపేసి, బండిని శుభ్రంగా నీళ్ళతో కడిగి ఇచ్చారు. లైటు ఆరింది! ఆవిడ ఎక్కింది. కొద్దిరోజులకే మళ్ళీ వెలిగింది. దిగింది. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ చెరిపారు, మళ్ళీ కడిగారు. ఆరింది, ఎక్కింది, వెలిగింది, దిగింది. ఈసారి సెన్సర్ మార్చాలన్నారు. పాత మోడలు కనుక సరుకు తెప్పించాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు.

వాళ్ళ నోటి మాట కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. చీపురుపల్లి నుంచి వచ్చాక మధ్యాహ్నాలు బండి ముందు చతికిలబడేవాణ్ణి. ఫోనులో వీడియోలు చూసి ఒక్కొక్కటే పట్టుకున్నాను. సెన్సర్ వైరు ఎక్కడైనా లోపల తెగిందేమోనని హ్యాండిలు అటూ ఇటూ తిప్పుతూ వైరు పొడుగునా నొక్కి చూశాను. కనెక్టరు విప్పి ఆరబెట్టి తిరిగి పెట్టాను. ఐసు నీళ్ళు కారి వెనక చక్రం దగ్గర ఏదో పాడైందని నాకు నేనే తీర్మానించుకుని, కంప్యూటరు ముందు చక్రమని మొత్తుకున్నా వినకుండా, వెనకంతా తుడిచాను. చివరికి బండిని ఒక తన్ను తన్నాను. దానివల్ల కాలు నొప్పి పుట్టిందిగానీ లైటు ఆరలేదు.

అరుగు మీద కూర్చుని మావ ఇదంతా చూస్తుండేవాడు. ఆయన నాకు మేనమామ, ఆవిడకు తండ్రి. మోకాళ్ళు పట్టేసి వేట మానేశాక మాతోనే ఉంటున్నాడు. "ఒరే, దాన్ని తిట్టకు. ఇంజనుకి సెవులుంటాయి," అనేవాడు. నేను సణుగుతూ లోపలికి వెళ్ళాక, తను ముక్కాలి పీట లాక్కుని బండి పక్కన కూర్చుని, దుమ్మూ ఉప్పూ లేకుండా గుడ్డతో తుడిచేవాడు. సముద్రం మీద ఇంజనును ఎలా చూసుకున్నాడో దీన్నీ అలాగే చూసుకుంటున్నాడులే అని నేను పట్టించుకోలేదు.

ఒకనాడు నేను అలాగే బండి ముందు కూర్చుని ఉంటే ఆవిడ చేపలు కోసిన చెయ్యి కడుక్కుంటూ వచ్చి నిలబడింది.

"కడిగిన్నాడు బాగుంతాది కదా?"

"ఆ, బాగుంతాది."

"మరి సెడిపోయిన సామాను కడిగితే బాగవుద్దేటి? కడిగితే పోయేదేదో దాని మీద పడతన్నాది. అది సూడు ముందు."

నాకు ఉక్రోషం వచ్చింది. కంప్యూటరు ఉన్నవాళ్ళకే తెలియలేదు, నువ్వు చెప్పొచ్చావా అన్నాను. ఆవిడ ఆ మాట పట్టించుకోకుండా వంగి ముందు చక్రం చూసింది. వెనక్కి వెళ్ళి వెనక చక్రం చూసింది. మళ్ళీ ముందుకొచ్చింది.

"బావా, ఎనక సక్రానికి బ్రేకు పళ్ళెం పక్కన కన్నాల ఉంగరం ఉన్నాది. ముందు సక్రానికి కన్నాల్లేవేటి?"

ఆ ఉంగరమే సెన్సర్ చదివేది. చక్రంతోపాటు తిరుగుతూ ఆ కన్నాలు తన ముందునుంచి పోతుంటే సెన్సర్ లెక్కపెట్టుకుంటుంది. రెండు చక్రాలకూ ఉంటుంది. ముందు చక్రానికి కూడా కన్నాలు ఉన్నాయి, కానీ నల్లగా పూడిపోయి ఉన్నాయి. ఇన్నాళ్ళూ దాని ముందు కూర్చుని కూడా నేను అది దాని రంగే అనుకున్నాను. ఆవిడ జడలో పిన్ను తీసి ఒక కన్నంలో పొడిచింది. జిగటగా ముద్ద ఊడి వచ్చింది. వేళ్ళ మధ్య నలిపితే గరగరలాడింది, ఎండలో తళతళలాడింది. ఇసుక, బ్రేకు పళ్ళెం నుంచి రాలిన ఇనుప పొడి, వీటన్నిటినీ పట్టి ఉంచిన గ్రీజు. నేను సెన్సర్ విప్పి తీశాను. దానికి అయస్కాంతం గుణం ఉంటుంది కాబోలు, మొన చుట్టూ అదే ముద్ద గడ్డంలాగా వేలాడుతోంది.

గ్రీజు అక్కడికి ఎలా వచ్చిందో ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఇద్దరం అరుగు వైపు తిరిగాం.

మా ఊళ్ళో ఇనుము అన్నదానికి గ్రీజు రాయకుండా ఎవరూ నిద్రపోరు. పడవ ఇంజను ఒడ్డుకు తెచ్చాక మంచినీళ్ళతో కడిగి, బోల్టు బోల్టుకీ గ్రీజు పట్టించి, గుడ్డ కప్పుతారు. రాయకపోతే ఆ ఉప్పుగాలికి ఇనుము బిస్కట్టులా విరుగుతుంది. సైకిలు చువ్వలకు, తలుపు గొళ్ళేలకు, ఆఖరికి గొడుగు కడ్డీలకు కూడా రాస్తారు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, బతుకు అలా నేర్పింది. మావ రోజూ సాయంత్రం తుడవడంతో ఆగలేదు. వెనక చక్రానికి ఐసు పెట్టెల చట్రం అడ్డం కనుక అక్కడ చెయ్యి దూరక, ముందు చక్రం ఉంగరానికి మాత్రం కన్నం కన్నానికీ వేలితో గ్రీజు కూరాడు. సర్వీసు సెంటరులో కడగడం, ఇంటికి రాగానే అయ్యో కడిగేశారని ఆయన మళ్ళీ కూరడం.

నేను గట్టిగానే అడిగాను. "ఎందుకు రాశావు మావా అక్కడ?"

"రాయకపోతే తుప్పడతాది కదరా. బ్రేకు పళ్ళానికి రాయలేదు, నానేటి ఎర్రోణ్ణా?" అని కూతురి వైపు చూశాడు. "ఆ సక్రమే కదే నిన్ను పడేసింది. ఆ బండి పోయినా సక్రం సక్రమే. అందుకే ముందు సక్రానికి ఇంకొంచెం ఎక్కువ రాసేవోణ్ణి."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆవిడ వెళ్ళి అరుగు మీద ఆయన పక్కన కూర్చుంది. ఆయన కళ్ళు కిందకు వాలిపోయాయి. కూతుర్ని కాపాడుతున్నాననుకుని ఇన్నాళ్ళూ ఆటో ఎక్కించానని ఆయనకు అర్థమైపోయింది.

"నాయినా, ఇది పడవింజను కాదు. దీనికి కన్నాలు తెరిచుండాలి. సేపకి మొప్పలుంటాయి కదా, అలాగ. మూసేత్తే ఊపిరాడదు."

"ముందే సెప్పొచ్చు కదే," అన్నాడాయన, దొంగతనంగా కొంగుతో... తన తుండుగుడ్డ కాదు, ఆవిడ కొంగుతోనే కళ్ళు తుడుచుకుంటూ. ఆవిడ కొంగు లాక్కోలేదు.

సబ్బు నీళ్ళు, పాత పళ్ళ బ్రష్షు తెచ్చి, చక్రం తిప్పుకుంటూ ప్రతి కన్నం తోమాం. సెన్సర్ మొన గుడ్డతో తుడిచి బిగించాం. బ్రేకు పళ్ళేనికి గ్రీజు చెమ్మ అంటిందేమోనని దాన్ని రెండుసార్లు ఎక్కువే కడిగాను. మావ పీట లాక్కుని వచ్చి కూర్చుని, మేము వదిలేసిన కన్నాలు వేలు పెట్టి చూపించాడు. బండి తీసి వీధి చివరిదాకా వెళ్ళాను. లైటు వెలిగింది, ఆరింది. వెనక్కి వచ్చి గొప్పగా చెప్పాను. ఆవిడ తల ఊపి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆరింది. ఆ మర్నాడూ ఆరింది. ఆవిడ ఆటోలోనే వస్తోంది. వారం దాటింది, ఇంక ఉండబట్టలేక అడిగాను. "ఆరతన్నాది కదే, ఎక్కవేటి?"

"అంతకుముందూ ఆరింది. మళ్ళీ ఎలిగింది. నాకు లైటు ఒద్దు బావా. బ్రేకు సూపించు."

"ఎలాగ సూపించమంతావు?"

"పడిపోయిన కాడ."

అని ఎక్కి కూర్చుంది. బండికి రెండు పక్కలా పెట్టెలు, వాటి నిండా ఐసు కింద కానాగంతలు. అంతకుముందు రాత్రి వాన పడింది. నా చెవి వెనక ఆవిడ ఊపిరి మాత్రం వినిపిస్తోంది. రైసుమిల్లు కనిపించింది. గోడ పక్కన రోడ్డు తిన్నగా ఉన్నచోట తడి ఊక పరుచుకుని ఉంది. ముందూ వెనకా ఎవరూ లేరు.

"ఇక్కడే. కొట్టు బ్రేకు."

నేను యాక్సిలేటరు వదిలాను. బండి మెల్లగా నెమ్మదించి ఊక దాటిపోయింది. చేతి వేళ్ళు బ్రేకు మీదే ఉన్నాయి, నొక్కలేదు. తిప్పుకుని వచ్చాను. రెండోసారీ అంతే. కాలి బ్రేకు మీద ఆగాను. నా చెయ్యి నా చెయ్యిలా లేదు. అప్పుడు తెలిసింది నాకు. పడిపోయిన రోజు నుంచి నేను చేతి బ్రేకు గట్టిగా వేసిందే లేదు. కాలి బ్రేకుతో, హారనుతో, ఎదుటివాళ్ళ మీద అరుపులతో నెట్టుకొస్తున్నాను. ఇన్ని బ్యాటరీలూ ఫ్యూజులూ కంప్యూటర్లూ ఆవిడ కోసం అనుకున్నాను.

ఆవిడ దిగలేదు. వెనక నుంచి మెల్లగా అంది.

"నాను బయపడి ఆటో ఎక్కినాను. అందరికీ తెలుసు. నువ్వు బయపడతా బండి తోల్తన్నావు. ఎవులికీ తెలీదు."

అవునన్నాను. నిజంగా భయమేనన్నాను, ఆ రోజు నీ చెయ్యి వేలాడిపోవడం చూసినప్పటి నుంచీ అని. అంత మాట పెళ్ళయ్యాక ఎన్నడూ ఆవిడతో అనలేదు.

"పద, మళ్ళీ తిప్పు," అంది.

తిప్పాను. ఈసారి ఊక దగ్గర పడుతుండగా ఆవిడ నా వీపుకు ఆనుకుని ముందుకు వంగింది. ఆవిడ కుడి చెయ్యి, విరిగి అతికిన చెయ్యి, నా చంక కింద నుంచి వచ్చి బ్రేకు మీది నా వేళ్ళ మీద పడింది. ఐసుకు చల్లబడి ఉంది. "ఇద్దరం కొడదాం," అంది, అని నొక్కేసింది. నేనూ నొక్కాను. కింద చక్రం టకటకటక అంటూ పట్టి వదిలి పట్టి వదిలింది, ఆ అదురు మా రెండు చేతుల్లోనూ కొట్టుకుంది. ఊక చింది నా కాళ్ళ మీద పడింది. బండి అటూ ఇటూ ఒరగకుండా, తిన్నగా, ఊక మధ్యలో ఆగి నిలబడింది.

కాలు కింద పెట్టాను. నవ్వొస్తోంది, కళ్ళు మసకేస్తున్నాయి. ఆవిడ చెయ్యి ఇంకా నా చేతి మీదే ఉంది. తియ్యకుండానే నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

"ఏటి సూత్తన్నావు బావా? బేగి పద. సేప మెత్తబడిపోతాది."